అంచు మీది నంబరు: ఇద్దరు సైనికుల జాడ తీస్తున్న డైరీ

మా తాతగారి తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి తిరిగి వచ్చాడు. తాతగారి అన్న రెండో యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఈ డైరీలో మొదటి మనిషిని ముత్తాత అనీ, రెండో మనిషిని పెదతాత అనీ రాస్తున్నాను. ఇద్దరి గురించీ ఇంట్లో కాగితం ముక్క లేదు. మాది మిలిటరీ మాధవరం లాంటి ఊరు కాదు. ఇంటింటికీ సైనికుడున్న ఆ పల్లెలో అయితే అడగడానికి మనుషులు దొరుకుతారు. మా ఊళ్ళో "పటాలంలో చేరాడట" అన్న మాటతో కథ ముగిసిపోతుంది. అలాంటి ఇళ్ళు తెలుగునాట చాలా ఉన్నాయి కాబట్టి ఏ దశలో ఏది పనిచేసిందో, ఏది వృథా అయిందో రాసి పెడుతున్నాను.

లెక్క పద్ధతి ఇది. ప్రతి వివరం మూడు గళ్ళలో ఒకదానిలో పడుతుంది: నోటిమాట, ఒక్క సాక్ష్యం, ధ్రువం. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు ఒకే విషయం చెబితేనే ధ్రువం. ప్రతి దశ చివర ఖాతా వేస్తాను.

దశ 1: ఇంట్లో ఉన్నది రాసుకోవడం

పెద్దవాళ్ళను "ఏ రెజిమెంటు?" అని అడిగితే జవాబు రాదు. ఆ మాట వాళ్ళ చెవిన ఎన్నడూ పడి ఉండదు. అడగవలసినవి ఇవి:

1. డబ్బు వచ్చేదా? ఎవరి పేరున వచ్చేది?
2. ఆయన నోట ఏ ఊళ్ళ పేర్లు వచ్చేవి?
3. అక్కడ ఏం పని చేసేవాడు?
4. పతకాలు, బిళ్ళలు, ఇనప్పెట్టె ఏమైనా ఎవరి వాటాకైనా వెళ్ళాయా?

మూడో ప్రశ్న అన్నిటికన్నా ఎక్కువ ఫలించింది. మేనత్తకు రెండు మాటలు గుర్తున్నాయి: ముత్తాత వంతెనలు కట్టాడు, పెదతాత లారీ నడిపాడు. వంతెనలంటే సాపర్లు (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) కావాలి, లేదా పయనీర్లు (రోడ్డు పనులు కూడా చేసే పదాతి దళం). లారీ అంటే ముందుగా సైన్యానికి సరుకులు, రవాణా చూసే ఆర్మీ సర్వీస్ కోర్‌ను అనుమానించాలి. రెజిమెంటు పేరు తెలియకపోయినా వెతకవలసిన దిక్కు తెలిసింది.

నాలుగో ప్రశ్నకు ఒక వెండి పతకం బయటపడింది. దానితో పాటు కంచుది ఒకటి ఉండేదట, అది పిల్లల ఆటల్లో పోయిందట. సాధారణంగా వెండిది కంసాలి కొలిమికి వెళ్ళి కంచుది మిగులుతుంది. మా ఇంట్లో తారుమారైంది, అదృష్టం.

ఖాతా: నోటిమాటలు 7 (ముత్తాత వంతెనల పని, ఆయన బస్రా (నేటి ఇరాక్‌లోది) వెళ్ళడం, యుద్ధం మొదట్లోనే చేరడం, పెదతాత లారీ, పెళ్ళి కాకుండానే వెళ్ళడం, బర్మాలో చనిపోవడం, ఇంటికి మనియార్డరు రావడం). ఒక్క సాక్ష్యం 0. ధ్రువం 0.

దశ 2: పతకం అంచు చదవడం

పతకం వ్యాసం 36 మిల్లీమీటర్లు. ఒకవైపు ఐదో జార్జి తల. రెండోవైపు గుర్రం మీద నగ్నంగా ఉన్న మనిషి, అటూ ఇటూ 1914, 1918. ఇది బ్రిటిష్ వార్ మెడల్. దీన్ని సైనికులకు వెండితో ఇచ్చారు, కూలీ దళాల్లో పనిచేసినవారికి కంచుతో ఇచ్చారు. లోహం చూడగానే ఒక కొమ్మ కొట్టేయవచ్చు: ముత్తాత కూలీ దళం మనిషి కాడు. మీ ఇంట్లో ఇదే పతకం కంచుతో ఉంటే నిరాశ పడనక్కరలేదు, వెతకవలసిన జాబితా మారుతుంది, అంతే.

అసలు విలువ బొమ్మల్లో లేదు, అంచులో ఉంది. నంబరు, హోదా, పేరు, దళం ఆ సన్నటి అంచు మీద పోత అక్షరాలతో అద్ది ఉంటాయి. మా పతకాన్ని మూడు తరాలవాళ్ళు పండగ పండగకూ చింతపండుతో తోమారు. ముఖం తళతళలాడుతోంది, అంచు అరిగిపోయింది. దయచేసి తోమకండి. వెండి నల్లబడితే అక్షరాల గుంటల్లో ఆ నలుపు నిలిచి చదవడానికి సాయం చేస్తుంది.

మామూలు వెలుతురులో తీసిన ఫోటోలు ఒక్కటీ పనికిరాలేదు. పైనుంచి పడే వెలుగు అరిగిన అక్షరాన్ని పూర్తిగా చదును చేసేస్తుంది. చివరికి పనిచేసిన క్రమం ఇది:

1. గది చీకటి చేయాలి.
2. పతకాన్ని రబ్బరు ముక్కల మధ్య నిలువుగా నిలపాలి.
3. టార్చిని అంచుకు దాదాపు సమాంతరంగా పట్టాలి. వెలుగు పక్కనుంచి జారుతూ పడాలి.
4. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం వెనక ఫోను కెమెరా పెట్టి, పతకాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ వరుస ఫోటోలు తీయాలి.
5. తర్వాత టార్చిని రెండో పక్కకు మార్చి అంతా మళ్ళీ తీయాలి. ఒక పక్క వెలుగులో 1లా కనిపించేది రెండో పక్క వెలుగులో 7గా తేలుతుంది.
6. పలచటి కాగితం అంచుకు చుట్టి మెత్తటి పెన్సిలుతో రుద్దాలి. ఇది ఫోటోలకు తోడు మాత్రమే, దీన్నే నమ్ముకోకూడదు.

తేలినది: నాలుగంకెల నంబరు, "సాపర్" కుదింపు, ఒంటిపేరు, దళం "2 క్యూ.వీ.ఓ. ఎస్ అండ్ ఎం". అంటే రెండో క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. జనం మద్రాసు సాపర్లు అని పిలిచే దళం, బెంగళూరు వాళ్ళ కేంద్రం. నేటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ దాని వారసురాలు. తేలనిది: నంబరులో రెండో అంకె. 3 కావచ్చు, 8 కావచ్చు. ఎంత వెలుగు మార్చినా ఎడమ సగం లేదు.

రెండో యుద్ధపు పతకాలున్నవారు కూడా అంచు చూడండి. బ్రిటిష్ సైనికులకిచ్చిన వాటి మీద పేర్లు ఉండవు గానీ, భారత సైనికులకిచ్చిన చాలావాటి మీద పేరు అద్ది ఇచ్చారు.

ఖాతా: నోటిమాటలు 6. ఒక్క సాక్ష్యం 2 (ముత్తాత పేరు, దళం). ధ్రువం 1 (వంతెనల పని, మేనత్త మాట, పతకం మీది హోదా కలిశాయి). నంబరును ఇంకా ఏ గడిలోనూ వేయలేదు.

దశ 3: పేరుతో వెతికితే దొరకదు

పెదతాత కోసం మొదట తెరిచింది కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా. 1917లో ఏర్పడిన ఈ సంస్థ రెండు యుద్ధాల్లోనూ చనిపోయిన సుమారు 17 లక్షల మంది పేర్లను చూసుకుంటోంది, ఉచితంగా వెతకవచ్చు. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు జరిగిన మరణాలు లెక్కలోకి వస్తాయి. యుద్ధం ముగిశాక ఆస్పత్రిలో జ్వరంతో పోయినవాడు కూడా ఇందులో ఉండవచ్చు. ప్రాణాలతో ఇల్లు చేరినవాడు మాత్రం ఉండడు.

ఇంటిపేరు కొట్టాను: సున్నా. ఒంటిపేరు కొట్టాను: దొరికినవాటిలో మనవాళ్ళు లేరు. రాత మార్చి కొట్టాను: వందలకొద్దీ వచ్చాయి, ఏది మనదో తెలియదు. ఇది ఎందుకు విఫలమవుతుందో అర్థం చేసుకుంటే మీకు చాలా సాయంత్రాలు మిగులుతాయి.

మొదటిది, ఆనాటి సైన్యపు గుమస్తాకు మన ఇంటిపేరుతో పనిలేదు. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు చాలు. జాబితాలో ఇంటిపేరు ఉండవలసిన గడిలో ఒంటిపేరే కూర్చుని ఉంటుంది. మన ఇంటిపేరుతో ఎంత వెతికినా గాలిలో చేయి ఊపినట్టే.

రెండోది, "స్వామి" అన్న రెండక్షరాల ముక్కను ఇంగ్లీషులో గుమస్తాలు ఎన్ని రకాలుగా రాశారో చూస్తే తల తిరుగుతుంది. మధ్యలో డబ్ల్యూ ఉన్నవి, లేనివి, డబ్ల్యూ ఎం పక్కకు జరిగినవి, చివర ఐ ఉన్నవి, వై ఉన్నవి. "వెంకట"లో కె బదులు సి వస్తుంది. "అప్పల"లో ఒక పి మాయమవుతుంది. రాసినవాడు తెలుగువాడై ఉండవలసిన అవసరం లేదు. చెవికి వినిపించింది రాశాడు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. జాబితాలో కనిపించకపోతే చనిపోలేదని అనుకోకండి. 2021 ఏప్రిల్‌లో ఆ కమిషన్ తానే వేయించిన విచారణ నివేదిక ఒకటి బయటపెట్టింది. కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది దాకా, మొదటి యుద్ధపు మృతులను పేరుతో గానీ, అసలు ఏ రూపంలో గానీ స్మరించలేదని అందులో ఒప్పుకున్నారు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికా, మధ్యప్రాచ్యం వారు. బస్రా స్మారకం సంగతి ఇంకో రకం. నలభై వేలకు పైగా మందికి కట్టిన ఆ స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిలను దళం పేరు కింద ఒక అంకెగా వేశారు. ఆ పేర్లు వేరే పుస్తకంలో ఉన్నాయి కాబట్టి ఇప్పుడు జాబితాలో దొరుకుతున్నాయి. స్మారకం కూడా మొదట కట్టిన రేవు దగ్గర లేదు. 1997లో నాసిరియా దారిలో 32 కిలోమీటర్ల దూరానికి తరలించారు.

ఖాతా మారలేదు.

దశ 4: పేరు వదిలి ఊరు పట్టుకోవడం

వెతుకులాట దిశ మార్చాను. పేరు గడి ఖాళీగా వదిలి, భారత సేనలు అని ఎంచుకుని, "అదనపు సమాచారం" గడిలో జిల్లా పేరు మాత్రం కొట్టాను. రెండో యుద్ధపు మృతుల్లో చాలామందికి ఆ గడిలో "ఫలానావారి కుమారుడు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా" అని ఉంటుంది.

దీనికి ముందు చేయవలసిన ఇంటిపని ఒకటుంది. ఊరు కదలదు గానీ జిల్లా కదులుతుంది. మా ఊరు 2022 నుంచి ఏలూరు జిల్లా. అంతకుముందు పశ్చిమ గోదావరి. 1925కు ముందు కృష్ణా. పెదతాత కాగితాల్లో గోదావరి రావాలి, ముత్తాతవి దొరికితే కృష్ణా రావాలి. విశాఖ, కడప, కృష్ణా పేర్లకు ఆనాటి ఇంగ్లీషు రాతలు ఇప్పటివి కావు. కృష్ణాను "కిస్ట్నా" అని రాసేవారు. "గోదావరి" చివర ఐ ఉంటుంది, వై ఉంటుంది, మధ్యలో ఏ బదులు ఈ ఉంటుంది. ఒక్కో రాతనూ విడిగా కొట్టాలి.

1. జిల్లా పేరు ప్రతి రాతతోనూ వెతకడం.
2. వచ్చిన ఫలితాలను ఫైలుగా దింపుకోవడం. ఆ సౌకర్యం అక్కడే ఉంది.
3. అన్నిటినీ ఒకే స్ప్రెడ్‌షీట్‌లో కలిపి, రెండుసార్లు వచ్చినవాటిని తీసేయడం.
4. అదనపు సమాచారం గడిని ఊరి పేరులోని హల్లులతో మాత్రమే వడకట్టడం. అచ్చులను నమ్మకూడదు.
5. మిగిలినవారి రిజిస్టరు పేజీల బొమ్మలు తెరిచి చదవడం.

నాలుగో మెట్టు కీలకం. మా ఊరి పేరు చివర "ర్రు" ఉంది. గుమస్తా ఒక ఆర్ మింగేసి, చివరి యూను ఓగా మార్చాడు. హల్లులతో వడకట్టకపోతే ఎప్పటికీ దొరికేది కాదు.

ఇద్దరు మిగిలారు.

మొదటి మనిషి: పేరు సరిపోయింది. రంగూన్ స్మారకం, అంటే తౌక్యాన్ శ్మశానవాటికలో దాదాపు 27 వేల పేర్లున్న కట్టడం. బర్మా, ఇంట్లో చెప్పుకునే కథకు అచ్చంగా సరిపోయింది. కానీ తండ్రి పేరు వేరు, తాలూకా వేరు.

రెండో మనిషి: పేరులో ఒక అక్షరం తేడా. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, డ్రైవరు. తండ్రి పేరు ముత్తాతదే, ఊరు మాదే. స్మారకం మాత్రం సింగపూర్ క్రాంజిలోనిది. మరణించిన సంవత్సరం 1944. వయసు 22.

కుటుంబం మొదటి మనిషివైపు మొగ్గింది. "బర్మా అన్నారుగా" అన్నది వాళ్ళ వాదం. నా లెక్కలో ఊరు, తండ్రి పేరు కలిస్తే నోటిమాట పక్కకు తప్పుకోవాలి. పల్లెలో సముద్రం అవతల ఉన్న దేశమంతా బర్మానే. రంగూన్‌కు వలస వెళ్ళినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, సింగపూర్ ఎవరికి తెలుసు? అయినా బర్మాను పూర్తిగా కొట్టేయలేదు. స్మారకం ఉన్న చోటు చనిపోయిన చోటు కానక్కరలేదు. ఒంటికి సమాధి దొరకనివారి పేర్లను ప్రాంతాల వారీగా ఒక గోడ మీదికి చేర్చారు, అంతే.

ఇక్కడ ఊహించని లాభం ఒకటి వచ్చింది. పెదతాత రిజిస్టరులో తండ్రి పేరు, ముత్తాత పతకం అంచు మీది పేరు. పాతికేళ్ళ తేడాతో ఇద్దరు వేరు వేరు గుమస్తాలు రెండు రాతల్లో రాసిన ఒకే మనిషి.

ఖాతా: నోటిమాటలు 5. ఒక్క సాక్ష్యం 4 (ముత్తాత దళం, పెదతాత నంబరు, మరణ తేదీ, వయసు). ధ్రువం 3 (వంతెనలు, లారీ, ముత్తాత పేరు).

దశ 5: చనిపోయినవారి జాబితాతో బతికినవాడి నంబరు తేల్చడం

ముత్తాత ప్రాణాలతో వచ్చాడు, కాబట్టి సమాధుల జాబితాలో లేడు. బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లోని పతకాల సూచిక కార్డుల్లో భారత సైన్యానివి కొన్నే ఉన్నాయి. ఆయనది అందులో లేదు. అరిగిన రెండో అంకె దగ్గర చాలాకాలం ఆగిపోయాను.

దారి ఎదురు వైపు నుంచి దొరికింది. ఆనాడు సిపాయి నంబరు సైన్యమంతటికీ ఒక్కటి కాదు; ఒక దళం లోపల మాత్రమే విడిగా ఉండేది. ఒకే దళంలో ఒకే కాలంలో ఒకే నంబరు ఇద్దరికి ఉండకూడదు. అంటే మద్రాసు సాపర్లలో చనిపోయినవారందరి నంబర్లూ తీసి, నా దగ్గరున్న రెండు ఊహలను వాటితో పోల్చవచ్చు.

1. సమాధుల జాబితాలో దళం పేరుతో, మొదటి యుద్ధం అని ఎంచుకుని వెతకడం. దళం పేరు రాతలు కూడా రకరకాలుగా ఉంటాయి, అన్నీ కొట్టాలి.
2. స్ప్రెడ్‌షీట్‌లో నంబరు వరుసన పేర్చడం.
3. 3 ఉన్న నంబరు, 8 ఉన్న నంబరు రెండూ చూడడం.

8 ఉన్న నంబరు ఇంకొక సాపర్‌ది. పేరు వేరు, బస్రా స్మారకం. కాబట్టి ముత్తాతది 3. ఎవరో ఒక కుర్రవాడు అక్కడ చనిపోయి ఉండకపోతే ఈ అంకె తేలేది కాదు. ఆ సంగతి ఇష్టంగా రాయడం లేదు.

అదే షీటు ఇంకో పనికి వచ్చింది. నంబర్లు చేరిన వరుసలో ఇచ్చారు కాబట్టి, ముత్తాత కంటే పెద్ద నంబరున్న సాపర్లలో అందరికన్నా ముందు చనిపోయినవాడి తేదీ చూశాను. 1916 మొదటి నెలలు. అంటే ముత్తాత అప్పటికే చేరి ఉండాలి. "యుద్ధం మొదట్లోనే" అన్న మాటకు ఇది ఒక హద్దు. ఇది ఉజ్జాయింపు మాత్రమే. రిజర్వు నుంచి తిరిగి పిలిచినవారూ, వేరే దళం నుంచి మారినవారూ ఈ వరుసను చెడగొడతారు. అందుకే ఒకే ఒక్క పెద్ద నంబరును నమ్మకుండా, ఆ చుట్టుపక్కల ఉన్నవన్నీ ఒకే దిక్కు చూపుతున్నాయా అని చూసుకోవాలి. మా విషయంలో చూపాయి.

ఖాతా: నోటిమాటలు 4. ఒక్క సాక్ష్యం 6 (ముత్తాత నంబరు, చేరిన కాలం కొత్తగా చేరాయి). ధ్రువం 3.

దశ 6: సమాచార హక్కు దరఖాస్తు

రెండో యుద్ధపు కాగితాలు భారత సైన్యానివి, కాబట్టి ఇక్కడే అడగాలి. ఏ దళానికి ఆ దళపు రికార్డు కార్యాలయం ఉంటుంది: ఫిరంగి దళానికి నాసిక్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, యంత్రాల మరమ్మతులు చూసే ఇ.ఎం.ఇ.కి సికింద్రాబాద్, సాపర్లకు వారి గ్రూపు కేంద్రం. దళం తెలియకుండా దరఖాస్తు పెడితే అది ఊళ్ళు తిరుగుతుంది. సెక్షన్ 6(3) కింద సరైన కార్యాలయానికి పంపవలసిన బాధ్యత వారిదే అయినా, పంపడానికి వాళ్ళకు కూడా దళం పేరు కావాలి కదా.

మొదటి దరఖాస్తులో పెదతాత పూర్తి సర్వీసు వివరాలు ఇవ్వమని రాశాను. ఒక కార్యాలయం నుంచి ఒక్క వాక్యం జవాబు వచ్చింది: ఫించను లేనివారి కాగితాలు 25 ఏళ్ళ తర్వాత ధ్వంసం చేస్తారు, కాబట్టి లేవు. ఈ జవాబు చూసి చాలామంది ఆగిపోతారు. ఆ జవాబు నిజమే గానీ, అడిగిన కాగితానికే అది వర్తిస్తుంది. 25 ఏళ్ళకు పోయేది షీట్ రోల్, అంటే ఒక్కో సైనికుడి విడి ఫైలు. లాంగ్ రోల్ అని ఇంకొకటుంది. చేరినవారందరినీ వరుసగా ఎక్కించే పెద్ద రిజిస్టరు అది. దాన్ని శాశ్వతంగా ఉంచుతారు.

రెండో దరఖాస్తులో మార్చినవి:

1. "వివరాలు ఇవ్వండి" తీసేసి "లాంగ్ రోల్‌లో ఈ నంబరు ఎదుట ఉన్న నమోదు ధ్రువీకరించిన నకలు" అని రాశాను.
2. సమాధుల కమిషన్ పేజీ అచ్చు జతచేశాను. నంబరు, తండ్రి పేరు, ఊరు అందులోనే ఉన్నాయి.
3. ఇరవై ఏళ్ళు దాటిన సంఘటన కాబట్టి సెక్షన్ 8(3) వర్తిస్తుందని ఒక వాక్యం చేర్చాను. వ్యక్తిగత సమాచారం అన్న అభ్యంతరానికి ముందే జవాబు ఇది.
4. ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలన్నీ తీసేశాను. ఈ చట్టం కింద కాగితం అడగాలి, కారణం అడగకూడదు.

గడువు 30 రోజులు. అది దాటితే మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు. నాకు ఆ అవసరం రాలేదు.

వచ్చిన నకలులో ఉన్నది: నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, 1941లో చేరిన తేదీ, వారసురాలిగా తల్లి పేరు, 1942 ఫిబ్రవరి 15 నుంచి గల్లంతు, 1944లో బందీగా మరణం. ఫిబ్రవరి 15 సింగపూర్ లొంగిపోయిన రోజు.

మరణ తేదీ సమాధుల జాబితాతో అక్షరాలా కలిసింది. ధ్రువం గడిలో వేయడానికి చెయ్యి సాగింది గానీ వేయలేదు. సమాధుల కమిషన్‌కు ఆ పేర్లు పంపింది సైన్యమే. రెండు కాగితాలూ ఒకే బావి నీళ్ళు, రెండు చెంబుల్లో. నంబరులో మాత్రం రెండు అంకెలు అటూ ఇటూ మారాయి: లాంగ్ రోల్‌లో ఒక వరుస, జాబితాలో ఇంకో వరుస. రెండూ రాసి ఉంచాను. ఇకపై ఎక్కడ వెతికినా రెండింటితోనూ వెతకాలి.

వారసురాలు తల్లి అని ఉంది కాబట్టి పెళ్ళి కాలేదన్న ఇంటి మాట నిలబడింది.

ఖాతా: నోటిమాటలు 3 (బస్రా, బర్మా, మనియార్డరు). ఒక్క సాక్ష్యం 8 (చేరిన తేదీ, గల్లంతైన తేదీ అదనం). ధ్రువం 4. ఫీజుల ఖర్చు: రెండు దరఖాస్తులకు 20 రూపాయలు, మూడు పేజీల నకళ్ళకు 6 రూపాయలు, మొత్తం 26.

దశ 7: 1942 నుంచి 1944 దాకా ఖాళీ

ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరం. సింగపూర్‌లో 40 వేలకు పైగా భారత సైనికులు బందీలయ్యారు. అందులో కొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. చేరనివారిలో కొందరిని జపాన్ సైన్యం కూలి పనికి న్యూగినీ వైపు ఓడల్లో తరలించింది. అక్కడ చాలామంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. పెదతాత ఏ వైపు వెళ్ళాడు?

నకలు రాగానే ఇంట్లో "నేతాజీ సైన్యంలో ఉన్నాడు" అని మొదలైంది. నాకు ఒప్పుకోవాలనే ఉంది. ఆధారం లేదు. కాగితంలో ఉన్న ఒకే మాట "బందీ". దాన్ని ఆ కథకు గానీ ఈ కథకు గానీ సాగదీయడం ఆ మనిషికి అన్యాయం. అందుకే ఈ విషయం ఏ గడిలోనూ వేయలేదు.

తెరిచి ఉన్న తలుపులు రెండు. జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ఆర్కైవ్స్‌లో యుద్ధఖైదీల కార్డులున్నాయి. మొదటి యుద్ధానివి ఇంటినుంచే చూడవచ్చు. రెండో యుద్ధానివి వాళ్ళే వెతికి పెట్టాలి. అందుకు ఏడాదిలో కొన్నిసార్లే, పరిమితంగా దరఖాస్తులు తీసుకుంటారు. తెరిచిన రోజే పంపాలి. రెండోది ఢిల్లీలోని భారత జాతీయ ఆర్కైవ్స్, అక్కడ ఆజాద్ హింద్ ఫౌజ్ ఫైళ్ళున్నాయి. వాళ్ళ అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఫైలు శీర్షికలు వెతకవచ్చు, బొమ్మలెక్కించినవి ఉచితంగా చదవవచ్చు. శీర్షికల్లో సిపాయి పేరు ఉండదు. దళం, సంవత్సరం, ప్రాంతం కొట్టి ఫైలు మొత్తం తిరగేయాలి. ఇప్పటిదాకా తిరగేసినవాటిలో పెదతాత లేడు.

దశ 8: బస్రా

ముత్తాతది దళం తెలిసింది, కంపెనీ తెలియలేదు. సాపర్లు దళమంతా కలిసి ఒకచోట యుద్ధం చేయరు. ఒక్కో ఫీల్డ్ కంపెనీని ఒక్కో డివిజన్‌కు ఇస్తారు. పతకం అంచు మీద కంపెనీ వేయలేదు. పతకం ఏ దేశంలో పనిచేశాడో కూడా చెప్పదు.

యూనిట్ యుద్ధ డైరీలు చదివి చూశాను. బ్రిటన్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ.ఓ. 95 వరుసలో ఉన్నాయి. ఎన్ని గజాల రోడ్డు వేశారో, నది నీటిమట్టం ఎంత పెరిగిందో, ఏ అధికారికి జ్వరమో రోజువారీగా ఉంటుంది. సిపాయి దగ్గరకు వచ్చేసరికి "ఇద్దరు సాపర్లకు గాయాలు" అని ముగిస్తారు. కంపెనీ తెలిసినవారికి ఈ డైరీలు బంగారం. తెలియనివారు చదివితే ఎవరో ఒకరి కథ మనదనిపిస్తుంది, అదే ప్రమాదం.

పక్క ఊరి రచ్చబండ దగ్గర పాలరాతి పలక ఒకటుంది. 1914 నుంచి 1919 దాకా జరిగిన మహాయుద్ధానికి ఆ ఊరి నుంచి ఇంతమంది వెళ్ళారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఇంగ్లీషులో. ప్రభుత్వం ఆనాడు చాలా ఊళ్ళలో ఇలాంటివి పెట్టించింది. పేర్లు ఉండవు, అంకెలే. మా ఊళ్ళో ఉందేమోనని పాత గుడి గోడలు, చావడి, బడి అన్నీ చూశాను, లేదు. మీ ఊళ్ళో సున్నం పొరల కింద ఉండవచ్చు, గోరుతో గీకి చూడండి.

తెలంగాణ వారికి ఒక మాట. నిజాం సేనలో పనిచేసిన పూర్వీకుల దారి వేరు. హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా రంగంలో పనిచేశారు; ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాలు జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ అశ్వదళాలకు గుర్తు. సంస్థానం సొంత సేన కాబట్టి ఆ కాగితాలకు ముందుగా తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌ను అడగాలి. ఉర్దూ చదివే మనిషిని వెంట తీసుకెళ్ళండి.

ప్రస్తుత ఖాతా: నోటిమాటలు 3. ఒక్క సాక్ష్యం 8. ధ్రువం 4. ఫీజులు 36 రూపాయలు, ఎందుకంటే మూడో దరఖాస్తు బెంగళూరుకు వెళ్ళింది. అందులో అడిగినది ఒక్కటే: రెండో క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్ లాంగ్ రోల్‌లో ఈ నంబరు ఎదుటి నమోదు నకలు, అందులో కంపెనీ గడి ఉంటే ఆ గడితో సహా. జిల్లా దగ్గర "కృష్ణా, నేటి ఏలూరు" అని రాశాను. పేరు రెండు రాతల్లోనూ ఇచ్చాను. రెండో అంకె 3 అని చదివాననీ, 8 ఉన్న నంబరు బస్రా స్మారకం మీది మరో సాపర్‌దనీ అడుగున చేర్చాను. అంచు ఫోటోలు రెండు, ఎడమ వెలుగుది ఒకటి, కుడి వెలుగుది ఒకటి, జతచేశాను.